గుల్‌మర్గ్ మంచులో పనిచేసే చేతులు

మన ముస్లిం కుటుంబాలలో ‘చిల్లా’ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. బాలింతకు నలభై రోజులు నిండితే చిల్లా స్నానం చేయిస్తారు. జమాఅత్‌లో నలభై రోజులు తిరిగి వచ్చినవారు చిల్లా పూర్తి చేసుకొని వచ్చామంటారు. కాశ్మీరులో ఇదే మాట చలికాలానికి కొలమానం. ఏటా డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే తీవ్రమైన చలిని అక్కడివారు ‘చిల్లై కలాన్’ అంటారు. అంటే పెద్ద చిల్లా. దాని వెనుక 20 రోజుల ‘చిల్లై ఖుర్ద్’, ఆ వెనుక 10 రోజుల ‘చిల్లై బచ్చా’ వస్తాయి. డెబ్బై రోజుల చలిని ఇంటి పెద్దగా, చిన్నవాడుగా, పసివాడుగా పిలుచుకునే ఆ జనం చలితో ఎన్ని తరాలుగా కాపురం చేస్తున్నారో ఈ పేర్లే చెబుతాయి.

మన నేల మీద చలి చుట్టపుచూపుగా వస్తుంది. లంబసింగిలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటే చూడటానికి రాత్రికి రాత్రి బయలుదేరి వెళతాము. పొద్దెక్కేసరికి స్వెట్టరు విప్పి భుజాన వేసుకుంటాము. కాశ్మీరులో చలి చుట్టం కాదు, ఇంట్లో మనిషి. 2021 జనవరిలో శ్రీనగర్ రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల కంటే దిగువకు పోయింది. దాల్ సరస్సు మీద నీరు గట్టిపడింది. ఇళ్ళలో కుళాయి గొట్టాలు గడ్డకట్టాయి. అటువంటి చలిలో మనిషి మొట్టమొదట పోగొట్టుకునేది చేతివేళ్ళ పనితనాన్ని. గుండీ పెట్టుకోవడం, తాళం తిప్పడం, తస్బీహ్ గింజను ముందుకు జరపడం - ఆలోచించకుండా చేసే ఈ పనులన్నీ ఒక్కొక్కటిగా చేజారిపోతాయి.

ఒక జనవరిలో, పెద్ద చిల్లా నడుమ, నేనూ నా శ్రీమతీ పదేళ్ళ మా అమ్మాయీ గుంటూరు నుండి కాశ్మీరు వెళ్ళాము. యాత్రికులు చూసేవన్నీ చూశాము. వాటి గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నేను రాయదలచినది ఒక చిన్న వస్తువును గురించి: గ్లౌజు. ఇంట్లో ఉర్దూలో దస్తానా అంటాము. తేలికగా ఉండి, నీటిని లోపలికి రానివ్వక, వేళ్ళను పని చేయనిచ్చే గ్లౌజు ఎవరికి ఎంత అవసరమో గుల్‌మర్గ్ మంచులో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

ఫెరన్ లోపలి నిప్పు

శ్రీనగర్ వీధులలో మొదటి ఉదయం మా అమ్మాయిని ఆశ్చర్యపరచినది చేతులు లేని మనుషులు. మోకాళ్ళ కిందికి జారే ఉన్ని ఫెరన్ తొడుక్కొని జనం నడుస్తుంటే, రెండు పక్కలా ఖాళీ చేతులు ఊగుతూ ఉన్నాయి. ఫెరన్ లోపల వారి చేతులు కాంగ్రీని పట్టుకొని ఉంటాయి. కాంగ్రీ అంటే చిన్న మట్టి కుంపటి. చుట్టూ సన్నని కొమ్మలతో బుట్టలా అల్లి, పట్టుకోవడానికి పిడి పెడతారు. లోపల బొగ్గు నిప్పు. చరారె షరీఫ్‌లో అల్లిన కాంగ్రీలకు అందచందాలలో పెద్ద పేరు.

దుకాణం ముందు నిలబడి కొద్దిసేపు చూస్తే కాంగ్రీ మహిమ, దాని పరిమితి రెండూ తెలుస్తాయి. దుకాణదారుడు ఫెరన్ లోపలి నుండి ఒక చేయి బయటికి తీసి, చిల్లర ఇచ్చి, వెంటనే లోపలికి లాక్కుంటాడు. కాంగ్రీ చేతికి వేడినిస్తుంది. కాని ఆ చేతిని తన దగ్గరే కట్టిపెట్టుకుంటుంది. పైగా ఏళ్ళ తరబడి పొట్టకు, తొడలకు ఆనించుకొని కూర్చునేవారికి అక్కడి చర్మంపై వచ్చే పుండును వైద్యులు కాంగ్రీ కేన్సర్ అని పేరు పెట్టి వందేళ్ళు దాటింది. కూర్చున్న మనిషికి, మెల్లగా నడిచే మనిషికి కాంగ్రీ చాలు. తాడు లాగే మనిషికి, పార పట్టే మనిషికి, గుర్రం కళ్ళెం పట్టే మనిషికి అది చాలదు. చేతికి వేడీ కావాలి, చేయి బయటా ఉండాలి. గ్లౌజు అవసరం మొదలయ్యేది అక్కడే.

మసీదులో వుజూ

జుహర్ నమాజుకు శ్రీనగర్ జామియా మసీదుకు వెళ్ళాము. సుల్తాన్ సికందర్ 1394లో మొదలుపెట్టించిన ఆ మసీదులో 378 దేవదారు స్తంభాలు ఉన్నాయి. వాటి నడుమ నిలబడితే అడవిలో నమాజు చేస్తున్నట్టు ఉంటుంది. కాశ్మీరు మసీదులలో చలికాలపు ప్రాణం హమామ్. రాతి పలకలు పరచిన గది కింద కట్టెలు మండిస్తారు. నేల వెచ్చబడుతుంది, వుజూకు వేడి నీళ్ళు వస్తాయి. వృద్ధులు నమాజు ముగిసిన తరువాత కూడా ఆ వెచ్చని రాళ్ళ మీద కూర్చొని కబుర్లు చెప్పుకుంటారు.

ఆ వుజూ దగ్గరే గ్లౌజులకు మొదటి పరీక్ష. పాదాలకు తొడిగిన తోలు మేజోళ్ళపై తడిచేత్తో మసహ్ చేసుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. చేతి తొడుగులకు ఆ సౌలభ్యం లేదని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. తబూక్ ప్రయాణంలో మహాప్రవక్త (స) ధరించిన జుబ్బా చేతులు బిగుతుగా ఉండి పైకి రాకపోతే, ఆయన చేతులను జుబ్బా లోపలి నుండి బయటికి తీసి కడుక్కున్నారని, పాదాల తోలు మేజోళ్ళపై మాత్రం మసహ్ చేశారని హజ్రత్ ముగీరా బిన్ షోబా (రజి) తెలియజేశారు. కనుక ప్రయాణంలో ఉన్న నమాజీ పగలంతా గ్లౌజులు తీయాలి, మళ్ళీ తొడుక్కోవాలి. చాలా మందపు గ్లౌజులు ఇక్కడే విసిగిస్తాయి. తడి ఆరని చేతిని లోపలికి దూర్చితే అస్తరు చర్మానికి అంటుకుంటుంది. తీసేటప్పుడు వేళ్ళ అస్తరు తలకిందులై బయటికి వస్తుంది. మళ్ళీ సరిచేయడానికి పది నిమిషాలు. పలుచగా ఉండి, అస్తరును వేళ్ళ కొసల దగ్గర పై గుడ్డకు కుట్టేసిన గ్లౌజులకు ఈ బాధ ఉండదు. అయినా జేబులో చిన్న తువాలు ఉంచుకొని, చేతులు పూర్తిగా తుడుచుకున్నాకే తొడుక్కోవడం మంచిదని ఆ మసీదులో పక్కన కూర్చున్న పెద్దమనిషి మాకు చెప్పాడు. చలి దేశపు మొదటి పాఠం అది: తడి చేతిని ఎప్పుడూ మూయకూడదు.

టంగ్‌మర్గ్ దాటిన తరువాత

శ్రీనగర్ నుండి గుల్‌మర్గ్ సుమారు 50 కిలోమీటర్లు. మాగాం దాటి టంగ్‌మర్గ్ చేరితే అసలు కొండదారి మొదలవుతుంది. అక్కడి నుండి మిగిలిన 13 కిలోమీటర్లు మంచు పడిన రోజులలో చక్రాలకు గొలుసులు కట్టిన వాహనాలే ఎక్కగలవు. ‘పూల మైదానం’ అని అర్థం వచ్చే గుల్‌మర్గ్ అనే పేరు 16వ శతాబ్దంలో సుల్తాన్ యూసుఫ్ షా చక్ పెట్టాడని చెబుతారు. జనవరిలో పువ్వు మాట దేవుడెరుగు, మైదానమే కనబడదు. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున, దేవదారుల నడుమ తెల్లటి మౌనం.

టంగ్‌మర్గ్ దుకాణాలలో కోట్లు, రబ్బరు బూట్లు, గ్లౌజులు అద్దెకు ఇస్తారు. మాతో ఒకే వాహనంలో వచ్చిన మరో తెలుగు కుటుంబం ఆ దుకాణాలలో ఒకదానిలో అల్లిక ఉన్ని గ్లౌజులు అద్దెకు తీసుకుంది. చూడటానికి మందంగా, మెత్తగా ఉన్నాయి. మేము హైదరాబాదులో ముందే కొనుక్కున్నవి వాటి పక్కన చూస్తే పలుచగా, ఏమంత నమ్మకం కలిగించనట్టుగా ఉన్నాయి. ఆ ఇంటి అబ్బాయి మా అమ్మాయి ఈడువాడు. ఇద్దరూ మంచు ఉండలు చేసి ఒకరిపై ఒకరు విసురుకున్నారు. అరగంట గడవకముందే ఆ పిల్లవాడు ఆట మానేసి తల్లి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. గ్లౌజులు పిండితే నీళ్ళు కారాయి. వేళ్ళు ఎర్రగా కంది, ముట్టుకుంటే ఏడ్చాడు. తల్లి అతని చేతులను తన స్వెట్టరు లోపల చంకల కింద పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. మా శ్రీమతి తన సంచిలో ఉన్న అదనపు జతను ఆ పిల్లవాడికి తొడిగింది. పెద్దవైనా పొడిగా ఉన్నాయి; పొడిగా ఉండటమే ముఖ్యం.

మందం కాదు, పొడి

దీని వెనుక ఉన్న సంగతి తెలుసుకోదగినది. మనకు వెచ్చదనం ఇచ్చేది ఉన్ని కాదు, ఉన్ని పోగుల నడుమ చిక్కుకొని కదలకుండా ఉన్న గాలి. గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. ఆ గాలి ఉన్న చోట నీరు చేరితే కథ తిరగబడుతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే తడిసిన మందపు గ్లౌజు కంటే పొడిగా ఉన్న పలుచని గ్లౌజు మేలు. ఇంకొక వింత ఉంది. మైనస్ 15 డిగ్రీల పొడి మంచు గుడ్డ మీద నుండి పిండిలా రాలిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మెత్తని మంచు కరిగి లోపలికి ఇంకుతుంది. థర్మామీటరు చూసి ఈ రోజు చలి తక్కువే అనుకునే రోజునే చేతులు ఎక్కువగా తడుస్తాయి.

అలాగైతే మన ఇళ్ళలో పాత్రలు తోమే రబ్బరు గ్లౌజులు సరిపోవా? నీరు లోపలికి రాదు, నిజమే. కాని చెమట బయటికి పోదు. కష్టపడి పనిచేసే చేయి చలిలో కూడా చెమటపడుతుంది. ఆ చెమట లోపలే నిలిచి, పని ఆపగానే చల్లబడి, చేతిని బయటి మంచు కంటే ఎక్కువ బాధిస్తుంది. నీటిని రానివ్వక, ఆవిరిని పోనిచ్చే పొర కోసం చాలాకాలం వెతుకులాట సాగింది. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అనే ఇంజనీరు, మన వంటింట్లో అంటుకోని పెనాలకు పూసే పదార్థాన్నే వేడిచేసి ఒక్క ఊపున లాగినప్పుడు, అది తెగకుండా సాగి, కంటికి కనిపించని కోటానుకోట్ల రంధ్రాలు గల పొరగా మారింది. ఆ రంధ్రం నీటి చుక్క దూరలేనంత చిన్నది, నీటి ఆవిరి దాటిపోగలంత పెద్దది. గోర్‌టెక్స్ అనే పేరుతో బజారుకు వచ్చిన ఆ పొరను తరువాత పాలియురిథేన్ వంటి ఇతర పదార్థాలతో కూడా తయారుచేయడం మొదలుపెట్టారు.

ఈనాటి తేలికపాటి వాటర్‌ప్రూఫ్ గ్లౌజులో సాధారణంగా మూడు నాలుగు పొరలు ఉంటాయి. పైన గాలిని ఆపే నైలాన్ గుడ్డ. అరచేతి వైపు పట్టు జారకుండా తోలు గాని రబ్బరు పూత గాని. నడుమ ఈ సన్నరంధ్రాల పొర. లోపల సన్నని కృత్రిమ పోగుల మెత్త. చర్మానికి తగిలే మెత్తని అస్తరు. పోగు ఎంత సన్నదైతే అంత తక్కువ మందంలో అంత ఎక్కువ గాలి పట్టి ఉంటుంది. వెనుకటి కాలపు బరువైన గ్లౌజు చేసే పనిని ఇప్పటి పలుచని గ్లౌజు చేయగలగడానికి కారణం అదే.

‘వాళ్ళకు అలవాటే’

గుల్‌మర్గ్‌లో కేబుల్ కారు దగ్గరకు పోయే దారిపొడవునా చెక్క స్లెడ్జిలు పట్టుకొని మనుషులు నిలబడి ఉంటారు. యాత్రికుణ్ణి దానిమీద కూర్చోబెట్టి, తాడు భుజానికి తగిలించి, మంచులో లాక్కుపోతారు. ఆ కేబుల్ కారు మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. రెండో దశ యాత్రికులను అఫర్వాత్ శిఖరం పక్కన దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేర్చుతుంది. పైన యంత్రం మోస్తుంది, కింద మనిషి మోస్తాడు.

మనిషి లాగే బండి ఎక్కడానికి మా శ్రీమతి ఇష్టపడలేదు. మా సామాను పెట్టుకొని రమ్మని ఒక వృద్ధుణ్ణి కుదుర్చుకున్నాము. ఆయన చేతులకు ఏమీ లేదు. తాడు పట్టిన వేళ్ళు నల్లగా పగిలి, కణుపుల దగ్గర గీతలు తేలి ఉన్నాయి.

‘‘చాచా, మీకు గ్లౌజులు లేవా?’’ అని అడిగాను.

ఆయన ఫెరన్ జేబులో నుండి తడిసి ముద్దైన ఉన్ని గ్లౌజులు తీసి చూపాడు. ‘‘ఉన్నాయి, జనాబ్. తాడు మంచులో నానుతుంది, తాడు వల్ల ఇవి నానుతాయి. తడిసిన ఉన్నిలో తాడు నిలవదు, జారిపోతుంది. మా అబ్బాయి దగ్గర స్కీయింగ్ గ్లౌజులు ఉన్నాయి. అవి వేసుకుంటే తాడు ఎంత పట్టుకున్నానో నాకే తెలియదు. ఉత్త చేత్తో అయితే కాసేపటిదాకా తాడు తెలుస్తుంది. ఆ తరువాత తాడూ తెలియదు, చేయీ తెలియదు’’ అన్నాడు.

పక్కన ఎవరో యాత్రికుడు, ‘‘వాళ్ళకు అలవాటే లెండి’’ అన్నాడు. ఈ మాట మనం ఎన్ని సందర్భాలలో అంటామో! ఎండలో తారు పోసేవారిని చూసి అంటాము, బట్టీ ముందు నిలబడేవారిని చూసి అంటాము. అందులో కొంత నిజం లేకపోలేదు. చలి తగలగానే శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి చేతుల రక్తనాళాలను బిగిస్తుంది. కొంతసేపటికి అవి కాస్త తెరుచుకొని, మళ్ళీ బిగుసుకుంటాయి. సర్ థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1930లో దీనిని వివరించాడు. చల్లని నీటిలో ఏళ్ళ తరబడి పనిచేసే జాలరుల వంటివారిలో ఈ తెరుచుకోవడం ఎక్కువగా కనబడుతుంది. అలవాటు అంటే అంతవరకే. చర్మం ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు దిగితే ఎవరి వేళ్ళైనా నేర్పు కోల్పోతాయి. మాంసం గడ్డకట్టే ఉష్ణోగ్రత కాశ్మీరీకి ఒకటి, గుంటూరువాడికి ఒకటి లేదు.

హిమాలయాలు ఈ సంగతిని గొప్పవారికీ నేర్పాయి. 1950 జూన్ 3న ఫ్రెంచి పర్వతారోహకుడు మారిస్ ఎర్జోగ్, తన సహచరుడు లూయీ లాషెనాల్‌తో కలిసి నేపాల్‌లోని 8,091 మీటర్ల అన్నపూర్ణ శిఖరం ఎక్కాడు. 8,000 మీటర్లకు మించిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదలు. దిగుతూ సంచి తెరవడానికి గ్లౌజులు తీసి మంచుమీద పెట్టాడు. అవి వాలు మీదుగా జారిపోయాయి. సంచిలో ఉన్న అదనపు మేజోళ్ళను చేతులకు తొడుక్కోవచ్చన్న ఆలోచన ఆ ఎత్తున ఆయనకు తట్టలేదు. చేతివేళ్ళు, కాలివేళ్ళు పోయాయి. ప్రపంచమంతా పొగిడిన విజయానికి, ఒక జత గ్లౌజులు జారిపోయిన క్షణానికి నడుమ ఉన్న దూరం అంతే.

మంచు కోసం ఎదురుచూసేవారు

చలి ఇంత బాధపెడితే ఆ వృద్ధుడు మంచు పడకూడదని కోరుకుంటాడని అనుకోవచ్చు. అది పొరపాటు. 2024 జనవరిలో గుల్‌మర్గ్‌లో దాదాపు నెలంతా మంచు పడలేదు. గోధుమరంగు గడ్డితో మైదానం బోసిపోయింది. వచ్చిన యాత్రికులు వెనుదిరిగారు, స్లెడ్జిలు మూలపడ్డాయి. నెలాఖరున మంచు కురిసిన తరువాతే అక్కడ మళ్ళీ సందడి మొదలైంది. ఆ సంగతి గుర్తుచేస్తే చాచా ఒక్కమాట అన్నాడు: ‘‘మంచు పడకపోతే మా చేతులు వెచ్చగా ఉంటాయి, పొయ్యి చల్లబడుతుంది.’’

ఆ మంచులో నుండే పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. టంగ్‌మర్గ్ ప్రాంతపు మహమ్మద్ ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు. అతని తండ్రికి గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ సామాను దుకాణం ఉండేది. నాలుగేళ్ళ వయసులోనే మంచుమీద జారడం మొదలుపెట్టాడు. జెయింట్ స్లాలం పోటీలో 45వ స్థానంలో నిలిచాడు. మన తెలుగు నేల నుండి నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. మంచు ఎరుగని ఎండల సీమ పిల్లలు డార్జిలింగ్‌లో, లడాఖ్‌లో శిక్షణ పొంది అంత ఎత్తుకు వెళ్ళగలిగారు. పిల్లల చేతులకు సరైన తొడుగు, సరైన శిక్షణ దొరికితే పుట్టిన ఊరి వాతావరణం అడ్డు కాదు.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

కాశ్మీరు, లడాఖ్, మనాలి వైపు వెళ్ళే కుటుంబాలు ఇప్పుడు పెరిగాయి. చలిదేశాలలో చదువుకునే మన పిల్లలూ పెరిగారు. వారికి ఉపయోగపడే కొన్ని సంగతులు.

చీటీ మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే కొంతసేపు తడిని ఆపుతుందని మాత్రమే అర్థం. మంచులో ఆడే పిల్లలకు, పనిచేసే పెద్దలకు ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్నదే కావాలి. నమ్మకం కుదరకపోతే ఇంటికి వచ్చాక తొడుక్కొని, మణికట్టు దాకా నీళ్ళ గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచి చూడండి. గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన ప్రతిచోటా రంధ్రం ఉంటుంది. లోపలి పొర సంచిలా అతుకు లేకుండా ఉంటేనే నీరు ఆగుతుంది.

బిగుతు గ్లౌజు చలికి శత్రువు. రక్తం ఆడనివ్వదు, గాలికి చోటివ్వదు. వేలి కొసకు, గ్లౌజు కొసకు నడుమ కొద్దిగా ఖాళీ ఉండాలి. తొడుక్కొని పిడికిలి బిగించి చూడాలి. జేబులో నుండి నాణెం తీసి చూడాలి. మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ, కోటు చేతిలోకి దూరేంత పొడవు ఉండాలి. చిన్నపిల్లలకు వేళ్ళు విడివిడిగా ఉన్న వాటి కంటే నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే తొడుగులు వెచ్చగా ఉంటాయి; వేళ్ళు ఒకదానికొకటి వేడి పంచుకుంటాయి. రెండు గ్లౌజులను కలుపుతూ కోటు చేతుల గుండా ఒక తాడు కడితే పోగొట్టుకునే బాధ ఉండదు. ఎర్జోగ్ కథ విన్నవారికి ఆ తాడు విలువ చెప్పనక్కరలేదు.

తడిసిన గ్లౌజులను హీటరు మీద గాని, కాశ్మీరు ఇళ్ళలో ఉండే ఇనుప పొయ్యి మీద గాని ఆరబెట్టకూడదు. లోపలి పొర అతుకులు విడిపోతాయి. ఆ పొయ్యిని అక్కడ బుఖారీ అంటారు. మేము దిగిన ఇంట్లో ‘‘బుఖారీ వెలిగించండి’’ అన్న మాట విని, హదీసు గ్రంథం పేరే తెలిసిన మా అమ్మాయి కంగారుపడింది. ఇంటివారంతా నవ్వుకున్నారు. గ్లౌజులను పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట వేలాడదీస్తే చాలు.

చలికి వేళ్ళు తెల్లబడి, స్పర్శ పోతే మంచుతో రుద్దకూడదు, నిప్పుకు దగ్గరగా పెట్టకూడదు. స్పర్శ లేని చర్మానికి కాలినా తెలియదు. తడి గ్లౌజు తీసేసి, చంకలో గాని, 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో గాని ఉంచి, వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఉన్న చోట మాత్రం మధ్యలో కరిగించకూడదు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

పెట్టెలోని జత

సాయంత్రం సామాను దించిన తరువాత, మా దగ్గర మిగిలిన అదనపు జతను చాచాకు ఇచ్చి తొడుక్కొని చూడమన్నాను. అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న జత అది. ఆయన తొడుక్కొని మొదట చేసిన పని, స్లెడ్జి తాడు ముడి విప్పి మళ్ళీ వేయడం. రెండోసారి ఇంకా గట్టిగా వేశాడు. తరువాత గ్లౌజులు తీసి, దులిపి, నా చేతిలో పెట్టి, ‘‘మంచివి. వెల ఎంత?’’ అని అడిగాడు. ఊరికే ఉంచుకోమంటే తల అడ్డంగా ఊపాడు. కూలి వేరుగా ఇచ్చి, ఇది కూలిలో భాగం కాదని, జాలితో ఇస్తున్నదీ కాదని, ఒక ముసల్మాను మరొక ముసల్మానుకు ఇచ్చే హదియా అని మా శ్రీమతి చెప్పిన తరువాత తీసుకున్నాడు. మా అమ్మాయి తలపై చేయి పెట్టి, ‘‘బేటీ, ఈ చేతులు నీకు దుఆ చేస్తాయి’’ అన్నాడు.

మన ప్రాంతం నుండి కాశ్మీరు వెళ్ళే కుటుంబం గ్లౌజులు కొనేది నాలుగైదు రోజుల కోసం. తిరిగి వచ్చాక అవి ఇనుప పెట్టెలో చేరతాయి. గుంటూరు ఎండలో పెట్టె లోపల రెండు మూడు వేసవులు గడిచేసరికి అతుకు పొరలు విడిపోతాయి, రబ్బరు పూత జిగురవుతుంది. మళ్ళీ ఎప్పుడో తెరిచి చూస్తే పారవేయడానికి తప్ప దేనికీ పనికిరావు. అవే గ్లౌజులు గుల్‌మర్గ్‌లో ఉంటే ఎన్నో ఉదయాలు తాడు పడతాయి, గుర్రం కళ్ళెం పడతాయి, దారిమీద మంచు ఎత్తుతాయి.

కాబట్టి వెళ్ళేవారికి ఒక విన్నపం. మంచివే కొనండి, పిల్లలకు సరైన కొలతవే కొనండి, ఆ నాలుగు రోజులు హాయిగా వాడుకోండి. బయలుదేరే ముందు రాత్రి ఉతికి, ఆరబెట్టి, జతగా మడిచి, మీకోసం మంచులో నడిచిన మనిషికి కూలితో పాటు గౌరవంగా ఇచ్చి రండి. ఇచ్చేముందు ఆయన చేతి కొలతకు సరిపోతాయో లేదో అడగండి. సరిపోకపోతే ఇంట్లో ఎవరికి సరిపోతాయో ఆయనే చెబుతాడు.